కంచాలు తీయకముందే: చెన్నైలోని తెలుగు ఇంట్లో కుటుంబ ప్రార్థనను నిలబెట్టుకునే దారి

చెన్నైలో మన తెలుగు క్రైస్తవుల ఇళ్లకు వెళ్తే ముందు గది గోడకు తరచుగా ఒకే వాక్యం కనిపిస్తుంది: "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము." యెహోషువ గ్రంథం 24వ అధ్యాయం, 15వ వచనం. పెరంబూరులోని మా ఇంట్లోనూ ఉంది. మా పెళ్లికి కానుకగా వచ్చిన పటం అది. ఏడేళ్లపాటు ఆ పటం కింద కూర్చుని టీవీ చూశాము, నెల ఖర్చులు లెక్క వేసుకున్నాము, గొడవపడ్డాము. కలిసి ప్రార్థన మాత్రం చేసుకోలేదు. ఆదివారం ఆరాధన ఒక్క వారం కూడా మానలేదు. ఇంటికి వచ్చాక ఎవరి భక్తి వారిది.

సండే స్కూలులో పన్నెండేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. వారానికి 168 గంటలు. అందులో ఒక గంట నా దగ్గర కూర్చుంటారు. మిగిలిన 167 గంటల్లో అమ్మానాన్నలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో, కష్టం వచ్చినప్పుడు ఎవరి వైపు చూస్తున్నారో, దానినే వారు దేవుడి గురించిన పాఠంగా తీసుకుంటారు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అందుకే మా ఇంట్లో పడిన తప్పటడుగులతో సహా ఈ దారిని వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇల్లు ఎందుకు?

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే దేవుని మాటలను పిల్లలకు నేర్పమని చెప్పినప్పుడు ఆరాధన జరిగే గుడారం గురించి గానీ యాజకుల గురించి గానీ ఎత్తలేదు. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అన్నాడు. నాలుగూ ఇంటివాళ్లు కలిసి ఉండే వేళలే. కొత్త నిబంధనకు వస్తే, ఫిలిప్పీలో లూదియ ఒక్కతే బాప్తిస్మం పొందలేదు, ఆమె ఇంటివారూ పొందారు. అదే ఊరి చెరసాల నాయకుడూ ఇంటివారందరితో కలిసి విశ్వాసంలోకి వచ్చాడు. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి పౌలు రాసేటప్పుడు అది మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో నివసించిందని గుర్తు చేశాడు.

తరువాతి కాలాల్లోనూ సంఘం ఈ మాట మరిచిపోలేదు. మార్టిన్ లూథరు 1529లో విశ్వాస పాఠాలను ప్రశ్నలు, జవాబులుగా చెప్పే చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు, కుటుంబ పెద్ద తన ఇంటివారికి దీనిని సులువుగా ఎలా నేర్పాలో ప్రతి భాగం తలపైనా సూచించాడు. ఉదయం, సాయంత్రం, భోజనానికి ముందు చేసే ప్రార్థనలు అందులోనే చేర్చాడు. కతోలికుల రెండవ వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని ఇంటిలోని సంఘంగా పేర్కొంది. మన అమ్మమ్మల నాటి ఊళ్లలో సాయంత్రం దీపం పెట్టాక చాప పరిచి పాట ఎత్తుకోవడం ఈ వరుసలోనిదే. ఊరు వదిలి పట్నం వచ్చినప్పుడు మంచాలు, బీరువాలు తెచ్చుకున్నాము, ఆ చాపను అక్కడే వదిలేశాము.

మొదటి అడుగు: వేళ

మా మొదటి ప్రయత్నం వేకువ ఐదు గంటలకు. నా భార్య ఆసుపత్రిలో నర్సు, వారానికో షిఫ్టు. నాకు అంబత్తూరులో ఉద్యోగం. ఐదింటికి లేపితే పిల్లలు కళ్లు తెరవకుండానే కూర్చునేవారు. తొమ్మిదో రోజుకు ఆగిపోయింది. ఆగినందుకు ఒకరినొకరు నిందించుకున్నాము కూడా.

వేకువ ప్రార్థన గొప్పదే. అయితే కొత్త వేళను సృష్టించుకోవడం కంటే, ఇప్పటికే అందరూ ఒకచోట చేరే వేళకు ప్రార్థనను అతికించడం మేలు. మోషే చెప్పిన నాలుగింటిలో మీ ఇంటికి కుదిరేది ఒకటి ఎంచుకోండి. మాకు కుదిరింది రాత్రి భోజనం ముగిశాక, కంచాలు తీయకముందు. ఒకసారి లేచామంటే ఒకరు ఫోను దగ్గరికి, ఒకరు హోంవర్కు దగ్గరికి వెళ్లిపోతారు; మళ్లీ కూర్చోబెట్టాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచి మొదలుపెట్టిన ప్రార్థనలో శాంతి ఉండదు.

పది నిమిషాలు చాలు. నిజంగానే చాలు. చిన్న పిల్లలుంటే ఏడు. రాత్రి షిఫ్టులో ఉన్నవారికి విరామ సమయం కుదిరితే ఫోనులో కలుపుకోండి. కుదరకపోతే వారి పేరు పెట్టి ప్రార్థించి, తెల్లవారి ఇంటికి వచ్చాక ఆ సంగతి చెప్పండి. "రాత్రి నీ కోసం చిన్నోడు ప్రార్థన చేశాడు" అని విన్నప్పుడు అలసిన మనిషి ముఖం ఎలా మారుతుందో నేను చూశాను.

స్థలం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బైబిలు, పాటల పుస్తకం చేయి చాపితే అందేచోట ఉంచండి. అచ్చు బైబిలే వాడండి. ఫోనులో చదివితే మధ్యలో సందేశం వస్తుంది, చూపు జారుతుంది, అది పిల్లలకు కనిపిస్తుంది.

రెండవ అడుగు: పాట

ఒక పాట, పల్లవి, రెండు చరణాలు. అంతే. చాలా ఇళ్లలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది గానీ తెరవడం తగ్గిపోయింది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగాలలో, మన తాళాలలో క్రీస్తును పాడుకునేలా రాశారు; ఆ పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం పేర్లు కూడా అచ్చువేశారు. కొత్త పాటలు పిల్లలకు యూట్యూబులో ఎలాగూ వస్తాయి. పాత కీర్తన ఇంట్లో పెద్దవాళ్లు పాడితే తప్ప రాదు. నెలకు ఒక్క పాత కీర్తన ఎంచుకుని అదే పాడండి. నెల చివరికి పుస్తకం అవసరం ఉండదు. గొంతు బాగుండాలని లేదు. మా నాన్న శ్రుతి ఎప్పుడూ తప్పేది, అయినా ఆయన పాడిన కీర్తనలే నాకు నిలిచాయి.

మూడవ అడుగు: వాక్యం, తెలుగు చదవడం రాని పిల్లలు

చాలామంది ఆదికాండము నుంచి వరుసగా మొదలుపెడతారు. ఉత్సాహం లేవీయకాండము దగ్గర ఆగిపోతుంది. మొదటిసారి మొదలుపెట్టే ఇంటికి నా సలహా మార్కు సువార్త. 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. రోజుకు ఒక అధ్యాయం వద్దు, ఒక సంఘటన చదవండి. పక్షవాయువు గలవాడిని ఇంటి కప్పు విప్పి దింపడం ఒక రోజు. యేసు తుఫానును ఆపడం ఒక రోజు. దాని తరువాత రూతు గ్రంథం, నాలుగే అధ్యాయాలు. కరవు వల్ల బేత్లెహేము వదిలి మోయాబుకు వలస వెళ్లిన కుటుంబం కథ అది. నెల్లూరు నుంచో ప్రకాశం నుంచో బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చిన మనకు ఆ ఇంటి తల్లి నయోమి ఎవరో వివరించవలసిన పని ఉండదు. ఆ పైన ఆదికాండము 37వ అధ్యాయం నుంచి యోసేపు కథ. అన్నదమ్ముల అసూయ, తండ్రి పక్షపాతం అన్నీ ఉన్నాయి. బైబిలు తన కుటుంబాల తప్పులను దాచిపెట్టలేదని పిల్లలు గమనిస్తారు. ఎవరికీ ఓపిక లేని రాత్రికి 117వ కీర్తన ఉంది, రెండే వచనాలు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు ఇంగ్లీషు, తమిళం చదువుతారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పైగా మన బైబిలు తెలుగు గ్రాంథికం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నప్పుడు "లేమి" అంటే ఏమిటని మా అబ్బాయి అడిగాడు. మొదట విసుక్కున్నాను. తరువాత ఆ ప్రశ్ననే రోజూ పనిగా పెట్టుకున్నాము: చదివిన భాగంలో ఒక్క పాత మాట ఎంచుకుని దాని అర్థం చెప్పుకోవడం. లేమి, కృప, నిబంధన, వాత్సల్యత. ఒక్కో మాట విప్పుతుంటే వాక్యమే విచ్చుకుంటుంది.

చేయవలసింది ఇది. పెద్దవారిలో ఒకరు తెలుగులో నెమ్మదిగా చదవాలి. అదే భాగాన్ని పిల్లలలో ఒకరు తమకు వచ్చిన భాషలో చదవాలి, తమిళమైనా సరే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. వారానికి ఒక్క వచనం తెలుగులో కంఠతా పట్టించండి. ఆదివారం మధ్యాహ్నం అరగంట ఓనమాలకు కేటాయించండి. మా అమ్మాయికి పదో తరగతిలో తెలుగు చదవడం వచ్చింది, పాటల పుస్తకం ద్వారానే వచ్చింది. తెలిసిన పాట కాబట్టి అక్షరాన్ని ఊహించి పట్టుకోగలిగింది.

పిల్లలకు ఈ ఊరి సంగతి కూడా చెప్పండి. 1726లో మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ ఇక్కడి తెలుగువారి భాష నేర్చుకుని బైబిలును తెలుగులోకి అనువదించాడు. అది అచ్చుకు నోచుకోలేదు. తెలుగు కొత్త నిబంధన 1818లో బెంగాలులోని సేరాంపూరులో అచ్చయింది. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి ఈ వీధుల్లోనే మన అక్షరాలు దిద్దుకున్నాడని విన్నప్పుడు మా పిల్లల కళ్లు పెద్దవయ్యాయి.

చదివాక ప్రసంగం చేయకండి. ఇందులో నీకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటని అడిగి ఆగండి. నిశ్శబ్దాన్ని భరించండి.

నాలుగవ అడుగు: ప్రార్థన

ఒకరే అందరి కోసం పావుగంట ప్రార్థించే ఇంట్లో మిగిలినవారు ప్రేక్షకులవుతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం చెప్పడంతో మొదలుపెట్టండి. ఒక కృతజ్ఞత, ఒక మనవి. చివరికి అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన. కతోలిక కుటుంబాలలో అయితే జపమాలలో ఒక దశకం, అంటే పది మరియ జపాలు, ఈ స్థానంలో సహజంగా ఇమిడిపోతుంది.

ఒక్క దురలవాటు మాత్రం పట్టుబట్టి మానండి. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్లవాడు ఫోను వదలడం లేదు, వాడికి బుద్ధి ఇవ్వండి" అని పిల్లవాడు వింటుండగా ప్రార్థించడం. దేవుడితో మాట్లాడుతున్నట్టు చేసి బిడ్డను మందలించడమిది. బిడ్డకు తెలిసిపోతుంది. ఇక ప్రార్థన అంటే తనను నిలబెట్టే బోను అనుకుంటాడు. నేనూ ఇలా చేశాను. మా అబ్బాయి కొన్ని నెలలు నా ప్రార్థన చివర ఆమెన్ అనలేదు. మందలింపు ఉంటే పగలు, ముఖాముఖి, విడిగా చెప్పండి. రాత్రి అదే పిల్లవాడి గురించి దేవునికి కృతజ్ఞత చెప్పండి, వాడు వినేటట్టు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, మనవి. జవాబు వచ్చినప్పుడు పక్కన రాయండి. అడిగింది జరగకపోతే అది కూడా రాయండి. మా పుస్తకంలో మా అమ్మ ఆరోగ్యం కోసం పద్నాలుగు నెలల మనవులున్నాయి. చివర ఆమె వెళ్లిపోయిన తేదీ ఉంది. ఆ పేజీని చించలేదు.

ఐదవ అడుగు: క్షమాపణ

ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను. మిగిలినవన్నీ సరిగ్గా ఉండి ఇది లేకపోతే ఆ ప్రార్థన పిల్లలకు మేలుకంటే కీడు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఊళ్లో మా తమ్ముడికి డబ్బు పంపే విషయంలో ఒక సాయంత్రం నా భార్యతో తీవ్రంగా మాట్లాడాను. ఆ రాత్రి యథావిధిగా కూర్చున్నాము. పాట పాడాము, వాక్యం చదివాము. ఆమెన్ అన్నాక, అప్పటికి తొమ్మిదేళ్ల మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మీరు దేవుడితో మాట్లాడారు కదా, అమ్మతో ఎప్పుడు మాట్లాడతారు?" నా దగ్గర జవాబు లేదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పినది నేను సండే స్కూలులో ఎన్నోసార్లు బోధించిన భాగమే.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. పాటకు ముందే అడుగుతాము: ఈ రోజు ఎవరికైనా ఎవరితోనైనా చెప్పవలసింది ఉందా? పెద్దవారే మొదలుపెట్టాలి. "నావల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే" అనే మాట వద్దు, అది క్షమాపణ కాదు. చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి: "మధ్యాహ్నం నీ మార్కుల గురించి నీ స్నేహితుడి ముందు ఎగతాళి చేశాను. అది తప్పు. నన్ను క్షమించు." అవతలివారు వెంటనే క్షమించాలని ఒత్తిడి పెట్టకూడదు. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వచనం మన కోపానికి హద్దు. గాయపడిన మనిషిని తొందరపెట్టడానికి ఇచ్చిన కర్ర కాదు. తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉంది. పిల్లల విధేయత గురించిన వాక్యం చదివిన ప్రతిసారీ దానిని కూడా కలిపి చదవండి.

తండ్రి క్షమాపణ అడిగితే గౌరవం పోతుందని భయపడేవారు ఉన్నారు. మా ఇంట్లో జరిగింది వేరు. నేను అడగడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు పిల్లలు తమ తప్పులు తామే చెప్పడం మొదలుపెట్టారు.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. కొట్టడం, తాగి వచ్చి హింసించడం, పిల్లలను వేధించడం జరుగుతున్న ఇంట్లో క్షమాపణ పేరుతో ఓర్చుకోమనడం వాక్యం కాదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో స్త్రీలు లోబడాలన్న 22వ వచనం ఒక్కటే కంఠతా పట్టినవారు, ఒకరికొకరు లోబడమన్న 21వ వచనాన్ని, క్రీస్తు సంఘం కోసం తన్ను అప్పగించుకున్నట్టు భర్త ప్రేమించాలన్న 25వ వచనాన్ని కూడా చదవాలి. అటువంటి ఇంట్లో మొదటి పని భద్రత. సహాయం కోసం మహిళలకు 181, పిల్లలకు 1098 ఫోను నంబర్లు పనిచేస్తాయి. ఇంటి గుట్టు బయటపెట్టవద్దని ఒక స్త్రీకి సంఘంలోనే సలహా ఇవ్వడం నేను విన్నాను. ఆ రోజు నోరు తెరవనందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇంట్లో అందరూ విశ్వాసులు కాకపోతే

ఇది చెన్నైలో చాలా ఇళ్ల పరిస్థితి. భార్య సంఘానికి వస్తుంది, భర్త రాడు. అత్తగారు గుడికి వెళ్తారు, కోడలు చర్చికి. తిమోతి ఇల్లూ అటువంటిదే: తల్లి విశ్వాసురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు. ఆ తండ్రి విశ్వసించాడని ఎక్కడా రాయలేదు. అయినా ఆ ఇంటి నుంచే తిమోతి వచ్చాడు.

ఇటువంటి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాలని పట్టుబట్టకండి. పిల్లల మంచం పక్కన ఐదు నిమిషాలు తీసుకోండి. ప్రార్థనలో మామగారి పేరు, అత్తగారి మోకాళ్ల నొప్పి ఉండనివ్వండి. వారి పూజ గురించి పిల్లల ముందు చులకనగా ఒక్క మాట కూడా అనవద్దు.

ఎదిగిన పిల్లల ప్రశ్నలు

పదమూడు, పద్నాలుగేళ్లకు ప్రశ్నలు వస్తాయి. దేవుడు ఉంటే అమ్మమ్మ ఎందుకు చనిపోయింది? పక్కింటి వాళ్ల ప్రార్థనలు ఎవరు వింటారు? "అలా అడగకూడదు" అన్నామంటే ప్రశ్న పోదు, బిడ్డ మాత్రం మన దగ్గర అడగడం మానేస్తుంది. పన్నెండేళ్ల యేసును మరియ, యోసేపు మూడు రోజుల తరువాత దేవాలయంలో కనుగొన్నప్పుడు ఆయన బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్నాడు. మార్కు 9వ అధ్యాయంలో కొడుకు జబ్బుతో అల్లాడిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సహాయం చేయి అని ఏడ్చాడు. ప్రభువు ఆయనను పంపివేయలేదు. నాకు జవాబు తెలియనప్పుడు "నాకూ తెలియదు, కలిసి వెతుకుదాము" అంటాను. వారానికి ఒక రాత్రి ప్రార్థన నడిపే పని పిల్లలకే అప్పగించండి. పాట, భాగం వారే ఎంచుకుంటారు. మా అమ్మాయి ఒకసారి విలాపవాక్యములు ఎంచుకుంది. పరీక్ష తప్పిన తన స్నేహితురాలి కోసమట.

తలుపు తెరిచి ఉంచండి

తొలి సంఘంలోని అకుల, ప్రిస్కిల్ల దంపతులు క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞతో రోమా వదిలి కొరింథుకు వచ్చినవారు. డేరాలు కుట్టి బతికారు. కొరింథు నుంచి ఎఫెసు, మళ్లీ రోమా. ఎఫెసులోనూ రోమాలోనూ వారి ఇంట్లో సంఘం కూడింది. వలస బతుకు, చేతిపని, అద్దె ఇల్లు కావచ్చు. మన బతుకుకు అంత దగ్గరి దంపతులు బైబిలులో మరొకరు లేరని నాకు అనిపిస్తుంది.

దేవుడు ఏకాంగులను సంసారులనుగా చేసేవాడని 68వ కీర్తన చెబుతుంది. పాత మహాబలిపురం రోడ్డు హాస్టళ్లలో మన ఊళ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. ఆసుపత్రుల్లో నర్సులు ఉన్నారు. భర్త పోయి, కొడుకులు విదేశాల్లో ఉండి, ఒంటరిగా ఉన్న తల్లులు ఉన్నారు. సిలువ మీద నుంచే యేసు తన తల్లిని శిష్యుడికి అప్పగించాడు. ఆ గడియ నుంచి ఆమె అతని ఇంట ఉంది. నెలకు ఒక శనివారం అటువంటి ఒకరిని భోజనానికి పిలవండి. ప్రత్యేకంగా ఏమీ వండవద్దు, పప్పుచారు చాలు. ఎప్పటిలాగే అదే పది నిమిషాలు కూర్చోండి. మా ఇంటికి వచ్చిన ఒక కుర్రవాడు పాట మధ్యలో ఏడ్చేశాడు. వాళ్లమ్మ పాడే కీర్తన అట.

తప్పిన రోజులు

తప్పుతాయి. వానలకు వీధిలో నీళ్లు నిలిచినప్పుడు, పరీక్షలప్పుడు, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు. వారానికి నాలుగు రోజులు జరిగితే ఆ వారం మంచిదే అనుకోండి. ఆగిపోతే ఎవరినీ నిందించకుండా మళ్లీ మొదలుపెట్టండి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులు కొత్తగా ప్రారంభించడానికి అనువైనవి, ముగింపు తేదీ కనిపిస్తూ ఉంటుంది కాబట్టి పిల్లలు ఒప్పుకుంటారు. ఈస్టరు తరువాత వారే అడుగుతారు.

ఈ రాత్రికే మొదలుపెట్టాలనుకుంటే: భోజనం అయ్యాక ఎవరూ లేవకముందు టీవీ కట్టేయండి. మీకు బాగా వచ్చిన పాట పల్లవి పాడండి. 117వ కీర్తన చదవండి. ప్రతి ఒక్కరూ ఒక కృతజ్ఞత చెప్పండి, చిన్నవాళ్లు ముందు. ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుగులో, నెమ్మదిగా, పిల్లలు అందుకునేలా ఒక్కో మాట చెప్పండి. ఊళ్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఫోను చేసి ఆమెనే చెప్పమనండి. కంచాలు తరువాత కడుక్కోవచ్చు.